కోపం ఎవరి మీద? అర్జీ ఎవరికి?

(ఇది 2021 జూన్ చివర్లో, కరోనా కర్ఫ్యూ రోజుల్లో ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన ఉత్తరం, దానికి అప్పుడిచ్చిన సమాధానం. ఇందులోని మొత్తాలు, పథకాలు, నిబంధనలు, ఫోన్ నంబర్లు, గడువులు అన్నీ అప్పటివి.)

ప్రశ్న: "నాకు 34 ఏళ్లు. కోనసీమలో ఒక పల్లెటూరు మాది. పేరు, ఊరు వెయ్యొద్దు. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. నిరుడు మార్చిలో స్కూలు మూసిన దగ్గర్నుంచి జీతం సరిగ్గా లేదు. మధ్యలో కొన్నాళ్లు తెరిచి సగం జీతం ఇచ్చారు, ఏప్రిల్‌లో మళ్లీ మూసేశారు. మా ఆయన ఆటో నడుపుతారు. కర్ఫ్యూ కాబట్టి మధ్యాహ్నం రెండింటికల్లా ఇంటికి వచ్చెయ్యాలి. ఆటోవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే వాహనమిత్ర 10 వేలు వస్తే ఇన్సూరెన్సుకీ రిపేర్లకీ సరిపోయాయి. ఫైనాన్స్ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. నాన్నగారు కౌలు రైతు, పక్క వీధిలోనే ఉంటారు. దాళ్వా (రబీ) ధాన్యం మిల్లుకి తోలి నెలన్నర దాటింది, డబ్బు పడలేదు. టీవీ పెడితే ఒళ్లు మండిపోతోంది. ఎన్నికలకి అడ్డురాని కరోనా బడికీ ఆటోకీ అడ్డొచ్చిందా? వాట్సాప్‌లో నాలుగు మాటలు రాస్తే మా ఆయన 'రాజకీయాలు మనకి అన్నం పెడతాయా' అని కసురుతున్నారు. నాన్నగారేమో 'నోరెత్తితే పింఛను కూడా పోద్ది' అని భయపడుతున్నారు. మా పెదనాన్న కొడుకు, నాకు తమ్ముడు, మా వీధి వాలంటీరు. మొన్న జ్వరాల సర్వేకి వస్తే నడివీధిలో వాడి మీద అరిచేశాను. ఒకటో తారీఖున నాన్నగారికి పింఛను ఇవ్వడానికి వచ్చి, గుమ్మంలోనే వేలిముద్ర వేయించుకుని, మంచినీళ్లు ఇస్తే వద్దని వెళ్లిపోయాడు. అత్తగారు ఉపాధి పనికి వెళ్లమంటున్నారు. టీచరమ్మ పార పట్టుకుంటే ఊళ్లో ఏమనుకుంటారు? రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. నేను నోరు మూసుకోవాలా? మూసుకుంటే ఈ కోపం ఎక్కడికి పోవాలి?"

సమాధానం: నోరు మూసుకోవద్దమ్మా. ఆ మాట ముందు చెప్పేసి, మిగతావి మాట్లాడుకుందాం.

మీ కోపం ఊరికే వచ్చింది కాదు. నిరుడు, 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకి టీవీలో చెప్పారు, అర్ధరాత్రి నుంచి దేశమంతా మూతపడింది. మన డెల్టాలో అప్పటికి దాళ్వా గింజ ముదురుతోంది. కోత మిషన్ల డ్రైవర్లు ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోయారు. గుళ్లు మూసేసి, పెళ్లిళ్లు ఆగిపోయేసరికి కడియపులంక పూలు కొనే దిక్కు లేక తోటల్లోనే వాడిపోయాయి. భీమవరం వైపు రొయ్యల రేటు పడిపోతే, ఇంకా ఎదగాల్సిన చెరువుల్ని కూడా భయపడి పట్టేసుకున్నారు. రావులపాలెంలో అరటి గెల దించుకునే లారీ లేదు. ఇంత జరుగుతున్నప్పుడు ఊళ్లో ఎవరికి చెప్పుకోవాలి? పంచాయతీల గడువు 2018 ఆగస్టులోనే అయిపోయింది, మళ్లీ ఎన్నికలు జరిగింది ఈ ఏడాది, 2021 ఫిబ్రవరిలో. అంటే లాక్‌డౌన్ మొత్తం మనం సర్పంచ్ లేకుండానే గడిపాం. నిరుడు ఆగస్టులో గోదావరి పోటెత్తి ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చినప్పుడు కూడా లంకల్లో వాళ్లకి వార్డు మెంబరు అనే మనిషి లేడు. జనం ఓటేసి గెలిపించుకున్న మనిషి ఊళ్లో ఒక్కరూ లేని రోజుల్లో ప్రతి మాటా హైదరాబాద్ స్టూడియోల నుంచో ఢిల్లీ నుంచో వినాల్సి వచ్చింది. మన మాట మాత్రం పైకి వెళ్లే దారి లేకపోయింది. ఆ ఉక్క ఇంకా పోలేదు.

ఈ ఏడాది సంగతీ మీరు సరిగ్గానే పట్టుకున్నారు. పరిషత్ ఎన్నికల పోలింగ్ ఏప్రిల్ 8న పెట్టారు, ఏప్రిల్ 20 నుంచి బడులు మూశారు. మే 5 నుంచి కర్ఫ్యూ, మొదట మధ్యాహ్నం 12కే, తర్వాత 2 గంటలకి. ఇప్పుడు మిగతా జిల్లాలన్నిటికీ సాయంత్రం 6 దాకా వదిలి, తూర్పు గోదావరికి మాత్రం 2 గంటలే ఉంచారు. రాష్ట్రంలో అన్నిటికంటే ఎక్కువ కేసులు వచ్చిన జిల్లా మనది కాబట్టి ఆ కట్టడిని నేను తప్పు పట్టను. ఈ రెండు నెలల్లో మన ఊళ్లలో లేచిన పాడెలు మీరూ చూశారు. కర్ఫ్యూ పెట్టడం సరైన పనే. పోయిన పూట కూలికి, పోయిన పూట ఆటోకి బదులుగా ఇంటికి ఏం అందుతుందో చెప్పకుండా పెట్టడమే సరైన పని కాదు. ప్రైవేటు టీచర్లకి తెలంగాణలో ఏప్రిల్ నుంచి నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తున్నారు. మనకి ఎందుకు లేదని మీరు అడిగితే అది అసూయ అవదు, న్యాయమైన ప్రశ్న.

అయితే మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు ఒకటి కనిపించింది. జీతం, ఆటో వాయిదా, ధాన్యం డబ్బు, కర్ఫ్యూ, ఎన్నికలు అన్నీ కలిపి ఒకే కోపం చేసుకున్నారు. ఆ కోపం మొత్తాన్ని మీకు చేతికి అందిన ఒక్క మనిషి మీద, మీ తమ్ముడి మీద, కుమ్మరించారు. శివారు చేనుకి నీరు అందకపోతే మీ నాన్నగారు ఏం చేస్తారు? ధవళేశ్వరం వైపు తిరిగి తిట్టుకుంటూ కూర్చోరు. పార భుజాన వేసుకుని కాలువ గట్టు పట్టుకుని పైకి నడుస్తారు. ఏ తూము దగ్గర చెత్త అడ్డుపడిందో, ఎవరు బోదె కట్టేసుకున్నారో చూసుకుంటూ వెళ్తారు. మీరూ అదే చెయ్యండి. ఒక్కో కష్టం ఎక్కడ ఆగిపోయిందో చూడండి. టీకాలు కొని రాష్ట్రాలకి పంపాల్సింది ఢిల్లీ. కర్ఫ్యూ గంటలు నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వం. ధాన్యం డబ్బు వెయ్యాల్సిందీ అదే. జీతం ఇవ్వాల్సింది స్కూలు యాజమాన్యం. ఆటో వాయిదా సంగతి ఫైనాన్స్ కంపెనీది. వీటిలో ఒక్కటీ మీ తమ్ముడి చేతిలో లేదు.

ముందు ధాన్యం సంగతి చూద్దాం. మీ ఇంట్లో అన్నిటికంటే పెద్ద మొత్తం అదే, పైగా అడిగితే కదిలే అవకాశం ఉన్నదీ అదే. ఈ 2020-21 సీజన్‌కి సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకి 1,868. మన 75 కిలోల బస్తా లెక్కలో 1,401 రూపాయలు. 21 రోజుల్లో ఖాతాలో వేస్తామని ప్రభుత్వమే చెప్పింది. నెలన్నర దాటింది కాబట్టి అడిగే హక్కు వచ్చేసింది. నాన్నగారి దగ్గర కూర్చుని, ఆర్‌బీకేలో (రైతు భరోసా కేంద్రంలో) ఇచ్చిన రసీదులు బయటికి తీయించండి. బీరువాలోనో, దేవుడి పటం వెనకో ఉంటాయి. తోలిన తేదీ, ఎన్ని బస్తాలు, ఏ మిల్లు, ఎఫ్‌టీఓ (డబ్బు వెయ్యమని ఇచ్చే ఆర్డరు) నంబరు వచ్చిందా లేదా, ఎవరి ఖాతా నంబరు ఇచ్చారు. ఇవి ఒక కాగితం మీద రాయండి. ఎఫ్‌టీఓ పుట్టకపోతే పని కింద, ఆర్‌బీకే దగ్గరో మిల్లు దగ్గరో ఆగిందని అర్థం. పుట్టినా డబ్బు పడకపోతే పైన నిధుల దగ్గర ఆగింది. ఖాతాకి ఆధార్ సరిగ్గా కలవక వెనక్కి పోయిందేమో బ్యాంకులో పాస్‌బుక్ కొట్టించి చూడండి. ఈ మూడింటిలో మీది ఏదో తెలియనంత కాలం ఎవరిని అడిగినా 'పైన పెండింగ్ అండి' అనే ఒక్క మాటే వస్తుంది.

కౌలు రైతు కదా, ఇంకో చిక్కు ఉండొచ్చు. మన డెల్టాలో కౌలు కార్డు లేనివాళ్లే ఎక్కువ. ధాన్యం భూయజమాని పేరు మీద తోలతారు, డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది. ఆయన ఏ హైదరాబాద్‌లోనో ఉంటారు. మీ నాన్నగారిదీ అదే పరిస్థితి అయితే, ఆయనకి మర్యాదగా ఒక మెసేజ్ పెట్టించండి: ఇన్ని బస్తాలు మీ పేరు మీద తోలాను, డబ్బు పడగానే నాకు పంపాలి అని. ఆయన 'సరే' అని జవాబిస్తే ఆ మెసేజ్ దాచుకోండి. ఇది అపనమ్మకం కాదు, రేపు ఏ మాటా జారిపోకుండా ఉండటానికి. సార్వాకైనా (ఖరీఫ్‌కైనా) కార్డు తీసుకోమని నాన్నగారికి నచ్చజెప్పండి. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు 11 నెలలకే చెల్లుతుంది, పంట మీద తప్ప భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు. యజమాని సంతకం పెట్టడానికి భయపడితే ఈ ఒక్క ముక్క ఆయనకి ఫోన్లో చదివి వినిపించండి. టీచరుగారు చెబితే వింటారు.

అర్జీ ఒంటరిగా పెట్టొద్దు. మీ ఊళ్లో డబ్బు పడని కౌలు రైతులు మీ నాన్నగారు ఒక్కరే అయి ఉండరు. కర్ఫ్యూలో పదిమంది గుమిగూడకూడదు, గుమిగూడక్కర్లేదు కూడా. పొద్దున్న సడలింపు వేళలో కాగితం ఇల్లిల్లూ తిరుగుతుంది. మాట ఇలా ఉంటే చాలు: 'జాయింట్ కలెక్టర్ గారికి, ఫలానా మండలం ఫలానా గ్రామం రైతులం రాసుకుంటున్న అర్జీ. ఈ దాళ్వాలో ఆర్‌బీకే ద్వారా మేము మిల్లుకి తోలిన ధాన్యం వివరాలు ఈ కింద ఒక్కొక్కరి పేరు ఎదురుగా రాశాం. 21 రోజుల్లో డబ్బు వేస్తామన్నారు, ఈ రోజుకి పడలేదు. సార్వా నారుమళ్లకీ దమ్ములకీ చేతిలో పెట్టుబడి లేదు. మా డబ్బు ఏ దశలో ఆగిందో, ఏ తేదీకి పడుతుందో రాతపూర్వకంగా తెలియజేయమని కోరుతున్నాం.' అంతే. అందులో ఏ పార్టీ పేరూ వద్దు, ఏ నాయకుడి పేరూ వద్దు. కింద అందరూ ఒకే రోజు సంతకాలు పెట్టండి, ఎవరు ముందు పెట్టారన్న ప్రశ్న రాకుండా. ఒక ప్రతి సచివాలయంలో స్పందన (ప్రభుత్వ ఫిర్యాదుల కార్యక్రమం) కింద ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. ఇంకో ప్రతి అక్నాలెడ్జ్‌మెంట్‌తో రిజిస్టర్ పోస్టులో పంపండి. స్పందన నంబరు 1902కి, రైతుల కాల్ సెంటర్ 155251కి ఫోన్ చేసినప్పుడు ఆ నంబరు చెప్పండి. సర్పంచ్ గారికి ఒక నకలు తప్పకుండా ఇవ్వండి. రెండున్నరేళ్లు లేని సర్పంచ్ ఇప్పుడు ఉన్నారు, ఏ పార్టీ మద్దతుతో గెలిచినా సరే, ఊరి తరఫున అడగడం ఆయన పని. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఊళ్లో ఇలాంటి కాగితం చక్కగా రాయగలిగేవాళ్లు ఎంతమంది ఉన్నారమ్మా? మీరు టీచరు. మీ వాట్సాప్ మెసేజ్‌ల కంటే ఈ ఒక్క పేజీలో ఎక్కువ రాజకీయం ఉంది.

ఇలా కలిసి అడిగితే ఏమొస్తుందని మీ వారు అనొచ్చు. ఆయనకి 2011 గుర్తు చెయ్యండి. ఆ సార్వాకి కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. ధర గిట్టక, కూలి ఖర్చు భరించలేక, డ్రెయిన్లు పూడిపోయి చేలు మునుగుతుంటే, పండిస్తే నష్టమే కాబట్టి పండించేది లేదన్నారు. ఆ నిర్ణయం పైనున్న నాయకులు చెబితే జరిగింది కాదు. ఊరూరా రైతులు కూర్చుని మాట్లాడుకున్నారు, ఎన్నికల్లో ఒకరి మీద ఒకరు పోటీ పడ్డవాళ్లు పక్కపక్కన కూర్చున్నారు. దేశమంతా అన్నపూర్ణ వైపు తిరిగి చూసింది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. కమిటీ చెప్పినవన్నీ జరగలేదు, డ్రెయిన్ల సంగతి మీకూ తెలుసు. కానీ ధాన్యం గిట్టుబాటు గురించి ఆ తర్వాత ఏ పార్టీ వాళ్లు మన దగ్గరికి వచ్చినా మాట్లాడక తప్పని పరిస్థితి ఆ రైతులే తెచ్చారు.

ఇక నాన్నగారి భయం. దాన్ని కొట్టిపారెయ్యకండి. పింఛను 2,250 రూపాయలు, నెల మొదటి తారీఖున ఇంటికొచ్చి చేతిలో పెడుతున్నారు. డబ్బు పడని ఈ నెలల్లో ఆ ఇంట్లో కచ్చితంగా వచ్చేది అదొక్కటే. ఆ వయసులో ఆయన దాన్ని పట్టుకుని ఉండటం పిరికితనం కాదు. పైగా భయపడటానికి కారణాలు ఆయన టీవీలోనే చూశారు. నర్సీపట్నం డాక్టర్ సుధాకర్ గారు నిరుడు ఏప్రిల్‌లో మాస్కులు ఇవ్వట్లేదని మీడియా ముందు మాట్లాడారు, సస్పెండ్ అయ్యారు. గత నెల, మే 21న ఆయన చనిపోయారు. ఆ వార్త చూసిన ఏ తండ్రి అయినా కూతురితో 'నువ్వు మాట్లాడకు' అనే అంటాడు.

కాబట్టి నాన్నగారితో వాదన పెట్టుకోకుండా, నియమం ఏమిటో చెప్పండి. పింఛను అర్హతని బట్టి వస్తుంది, అర్జీ పెట్టినందుకు ఆపడానికి ఏ నిబంధనా లేదు. అర్హుల జాబితా సచివాలయం గోడ మీద అంటించాలి. పేరు తీసేస్తే కారణం చెప్పాలి, దాని మీద మళ్లీ అర్జీ పెట్టుకోవచ్చు. మీ రాతల విషయంలో కూడా ఒక అండ ఉంది. ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: కోవిడ్ కష్టాల గురించి సోషల్ మీడియాలో రాసేవాళ్ల మీద కేసులు పెట్టి నోరు నొక్కితే దాన్ని కోర్టు ధిక్కారంగా చూస్తామని. అలాగని ఏది పడితే అది ఫార్వర్డ్ చెయ్యొద్దు. విపత్తు నిర్వహణ చట్టంలో 54వ సెక్షన్ ఉంది, అబద్ధపు వార్తతో జనాన్ని భయపెడితే ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చు. మీరు కళ్లారా చూసింది, మీ ఇంట్లో జరిగింది, తేదీతో సహా రాయండి. 'మా నాన్నగారు ఫలానా తేదీన ఇన్ని బస్తాలు తోలారు, ఇంకా డబ్బు రాలేదు' అన్న వాక్యానికి ఎవరూ వంక పెట్టలేరు. తిట్లు ఉన్న వాక్యాన్ని మాత్రం అసలు విషయం వదిలేసి అందరూ పట్టుకుంటారు.

తమ్ముడి గురించి రాసిన చోట మీ అక్షరాలు కూడా మారాయి, చేత్తో రాసిన ఉత్తరం కాబట్టి కనిపించింది. మంచినీళ్లు వద్దని వెళ్లిపోయాడన్న వాక్యం దగ్గర పెన్ను ఆగి ఉంటుంది. అతనికి ఇచ్చేది నెలకి 5,000 గౌరవ వేతనం. మే నెలలో జనం తలుపులు వేసుకుని కూర్చుంటే, అతను 50 ఇళ్ల గుమ్మాలెక్కి 'జ్వరం ఉందా, దగ్గు ఉందా' అని అడుగుతూ తిరిగాడు. ఉన్నవాళ్లలో సగంమంది లేదని చెప్పి ఉంటారు. ఒకే ఊళ్లో పుట్టి పెరిగినవాడు కాబట్టి ప్రతివాళ్ల కోపమూ అతనికే దక్కింది. పార్టీ మీద అతనికి అభిమానం ఉండొచ్చు, ఉంటే ఉండనివ్వండి. మీరు రాఖీ కట్టిన చెయ్యి, మీ పెళ్లిలో వడ్డన చేసిన చెయ్యి ఏ జెండా పట్టుకుందన్నది ఆ తర్వాతి సంగతి.

జూలై ఒకటిన పింఛనుకి మళ్లీ వస్తాడు. ఆ రోజు మీరు నాన్నగారింట్లో ఉండండి. వాడు గుమ్మంలో నిలబడినప్పుడు మీరే బయటికెళ్లి, 'ఆ రోజు నీ మీద అరవకూడదురా, నా కోపం వేరే వాళ్ల మీద' అని నేరుగా చెప్పండి. పెద్దవాళ్ల చేత చెప్పించొద్దు, మెసేజ్ పెట్టొద్దు. వెంటనే కరిగిపోకపోవచ్చు. నడివీధిలో మాట పడ్డాడు కదా, టైం పడుతుంది. అర్జీ సంగతి కూడా దాచకుండా చెప్పండి. 'మీ వాళ్ల మీద కాదు, మన ఊరి ధాన్యం డబ్బు గురించి' అని కాగితం చేతికిచ్చి చదవనివ్వండి. రసీదు నంబరు ఎక్కడ చూడాలో, ఆర్‌బీకేలో ఎవరిని కలవాలో మీకంటే అతనికే బాగా తెలుసు. సంతకం పెట్టమని మాత్రం అడగొద్దు, అతన్ని ఇరకాటంలో పెట్టినట్టవుతుంది. మీకు ఐదేళ్ల లోపు పిల్లలు ఉంటే టీకా సంగతీ అప్పుడే అడగండి, ఆ తల్లులకి ఇప్పుడు ప్రాధాన్యం ఇస్తున్నారు.

జీతం విషయంలో పెద్ద ఆశ పెట్టను. నిరుడు అక్టోబరులో ప్రభుత్వం జీవో ఇచ్చి ట్యూషన్ ఫీజులో 30 శాతం తగ్గించమంది, అంటే 70 శాతం తీసుకోవచ్చు. మీ స్కూలుకి ఎంత వసూలైందో మీకు తెలియదు, కట్టలేకపోయిన తల్లిదండ్రులూ మీలాంటివాళ్లే. తోటి టీచర్లందరూ కలిసి, ఎన్ని నెలలకి ఎంత బాకీ అన్నది తేదీల వారీగా రాసి యాజమాన్యానికి ఇవ్వండి, అందుకున్నట్టు సంతకం తీసుకోండి. డబ్బు రేపే రాకపోయినా, బాకీ ఉన్నట్టు కాగితం ఉంటుంది. సర్వీస్ సర్టిఫికెట్ కూడా ఇప్పుడే అడిగి పెట్టుకోండి. ఈలోగా పది పరీక్షలు రద్దు చేశారు కదా, మీ దగ్గర చదివిన ఆ పిల్లలు ఏం చెయ్యాలో తెలియక ఉన్నారు. వాళ్లకి ఇంటర్ లెక్కలు గానీ ఇంగ్లీషు గానీ రోజూ ఒక గంట ఫోన్లో చెప్పండి, ఇవ్వగలిగినవాళ్లు ఏదో ఒకటి ఇస్తారు.

ఉపాధి పనికి వెళ్లడంలో తలవంపు ఏమీ లేదు. రోజుకి 245 రూపాయల దాకా వస్తుంది, జాబ్ కార్డులో మీ పేరుంటే పని అడిగిన 15 రోజుల్లో ఇవ్వాలి. కాలువ గట్టు మీద రేపు మీ పక్కన నిలబడేది మీ దగ్గర చదువుకున్న పిల్లల తల్లులే. మిమ్మల్ని చూసి నవ్వరు. వాళ్లకి మస్టర్‌లో (హాజరు పట్టీలో) ఎన్ని రోజులు పడ్డాయో చదివి చెప్పే మనిషి దొరికిందని సంతోషిస్తారు. అయితే వెళ్లడం, మానడం మీ ఇష్టం, అత్తగారి మాట కోసం మాత్రం వెళ్లకండి.

రాత్రి డిబేట్లు ఆపెయ్యండి. వార్తలు పొద్దున్న ఒకసారి పేపర్లో చదివితే చాలు, కర్ఫ్యూ గంటలు మారినా, టీకా తేదీ వచ్చినా అందులో ఉంటాయి. తొమ్మిది గంటలకి నలుగురు అరుచుకోవడం విని పడుకుంటే నిద్ర ఎవరికి పడుతుంది? అప్పటికీ ఇంకో రెండు వారాలు నిద్ర లేకపోతే డాక్టరుకి చూపించుకోండి.

ఆఖరుగా మీ వారి సంగతి. రాజకీయాలు అన్నం పెట్టవని ఆయన అంటున్నారు. పెట్రోలు 100 దాటిన రోజున, డీజిల్ దానికి దగ్గరపడిన రోజున ఆటో దిగి ఇంటికొచ్చి ఆయన ఏమన్నారో గుర్తుందా? అదీ రాజకీయమే. ఆయనకి మాట్లాడటం ఇష్టం లేక కాదు. ఫైనాన్స్ వాళ్ల ఫోన్ మోగుతుంటే ఇంకో గొడవ తలకెత్తుకునే ఓపిక లేక అలా అంటున్నారు. ముందు ఆ ఫోన్ సంగతి చూడండి, ధాన్యం అర్జీ కంటే ముందే. నిరుటిలా అందరికీ వాయిదాలు కొన్నాళ్లు ఆపే మారటోరియం ఇప్పుడు లేదు. కానీ మే 5న రిజర్వ్ బ్యాంక్ ఇంకో వెసులుబాటు ఇచ్చింది. ఈ మార్చి 31 నాటికి మరీ మొండి బాకీ కాకుండా, ఇంతకుముందు ఇలా మార్పించుకోకుండా ఉన్న చిన్న అప్పులకి వాయిదాలు తగ్గించి, గడువు రెండేళ్ల దాకా పొడిగించమని అడగొచ్చు. ఫైనాన్స్ కంపెనీలకీ ఇది వర్తిస్తుంది. వడ్డీ మొత్తం మీద కొంత పెరుగుతుంది, అది లెక్క వేయించుకుని మరీ ఒప్పుకోండి. ఫోన్లో చెప్పడం కాదు, కర్ఫ్యూ వల్ల రోజుకి ఎన్ని గంటలు ఆటో నడుస్తోందో, నెలకి ఎంత కట్టగలరో రాసి, లోన్ నంబరు వేసి, బ్రాంచిలో ఇచ్చి స్టాంపు వేయించుకోండి. 30 రోజుల్లో వాళ్లు రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఇవ్వకపోతే రిజర్వ్ బ్యాంక్‌లో ఫిర్యాదులు వినే అధికారికి, అంబుడ్స్‌మన్‌కి, ఫిర్యాదు చెయ్యొచ్చు. ఆ కాగితం మీరు రాసి పెట్టండి, ఆయన తీసుకెళ్తారు. ఈ వెసులుబాటుకి గడువు 2021 సెప్టెంబరు 30.